కలుపు మందును తట్టుకునే పత్తికి అనుమతి ఇవ్వాలా, వద్దా?

పాత విస్తరణాధికారి:

ఒక సూక్ష్మజీవి జన్యువును చేర్చి కాయతొలుచు పురుగును తట్టుకునేలా చేసిన బీటీ పత్తికి మన దేశంలో 2002 మార్చిలో అనుమతి లభించింది. గ్లైఫోసేట్ కలుపు మందును కూడా తట్టుకునే పత్తికి మాత్రం నేటికీ అనుమతి లేదు. దాని కోసం పెట్టుకున్న దరఖాస్తును కంపెనీ 2016లో వెనక్కి తీసుకుంది. అయినా ఆ విత్తనం ‘బీజీ-3’ అన్న పేరుతో ప్రతి వానాకాలం మన ఊళ్లకు చేరుతూనే ఉంది. దొంగచాటుగా సాగుతున్నదాన్ని పరీక్షించి చట్టబద్ధం చేయడం మేలా, గట్టిగా ఆపడం మేలా? సాగు చేసినవారు తమ చేలో చూసింది రాయాలని కోరుతున్నాను.

నల్లరేగడి:

అనుమతి ఇవ్వాలనే నేను అంటాను. నాది నాలుగెకరాల నల్లరేగడి చేను. జులైలో ముసురు పట్టిందంటే పది రోజుల పాటు అరక దిగదు, గుంటుక తోలడానికి పదును దొరకదు, ఈలోగా గడ్డి పత్తి మొక్కను మించిపోతుంది. ముసురు విడిచిన నాడు ఊరందరికీ ఒకేసారి కూలీలు కావాలి. ఎకరానికి పది మంది చొప్పున మూడు దఫాలు కలుపు తీయించాలంటే మా ఊళ్లో అంతమంది మనుషులు లేరు. పక్క మండలం నుంచి ఆటోల్లో తెచ్చుకోవాలి.

రెండేళ్ల కిందట ఒక వ్యాపారి దగ్గర రసీదు లేని పొట్లాలు కొన్నాను. సగం గింజలు మొలవలేదు, మొలిచిన మొక్కల్లో కొన్ని మందు కొట్టిన వారానికే మాడిపోయాయి. చట్టం ఒప్పుకోని విత్తనం కొన్నవాడు పరిహారం కోసం ఎవరి గడప తొక్కాలి? అనుమతి ఉంటే పొట్లం మీద కంపెనీ పేరు, లాట్ నంబరు, మొలక శాతం ఉంటాయి, నష్టపోతే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. పర్యావరణం గురించి మాట్లాడేవారు మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బీటీకి ముందు శనగపచ్చ పురుగు కోసం మేము పది పన్నెండు సార్లు మందు కొట్టేవాళ్లం. బీటీ వచ్చిన తొలి ఏళ్లలో అది నాలుగైదుకు దిగింది. వీపు మీద ఆ డబ్బా మోసినవాడికే ఆ తేడా తెలుస్తుంది.

కందిసాలు:

నల్లరేగడి గారు చెప్పిన కూలీల కొరత నిజం, దాన్ని నేను తేలిక చేయను. జన్యుమార్పిడి అంటేనే విషం అనే వాదన కూడా నాది కాదు. అయితే బీటీ విషయంలో మనం ఏం చేశామో చూసుకోకుండా మరో జన్యువును చేలోకి తేవడం నాకు సమ్మతం కాదు.

పురుగు బీటీ విషానికి అలవాటు పడకుండా, బీటీ లేని పత్తిని ఐదో వంతు విస్తీర్ణంలో గానీ, చేను చుట్టూ ఐదు వరుసల్లో గానీ వేయాలన్నది తొలినాటి నియమం. అందుకే 450 గ్రాముల పొట్లంతోపాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవారు. మా నాన్నగారు దాన్ని గట్టు మీద పారేసేవారు, ఎందుకు వేయాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉంది. అమెరికా, ఆస్ట్రేలియా వంటి చోట్ల ఈ జన్యువును సూటి రకాల్లో, అంటే గింజ దాచుకొని మళ్లీ వేసుకోగల రకాల్లో పెడితే, మనకు దాదాపు అంతా హైబ్రిడ్లలోనే ఇచ్చారు. హైబ్రిడ్ మొక్క కాయలో గింజలన్నీ ఒకేలా ఉండవు, కొన్నిటిలో బీటీ విషం ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. గులాబీ రంగు పురుగు తినేది ఆ గింజలనే కాబట్టి విషానికి అలవాటు పడేందుకు మనమే దానికి వీలు కల్పించాం. పైగా డిసెంబరులో పీకేయవలసిన పంటను మరో రెండు ఏరుళ్ల కోసం ఫిబ్రవరి, మార్చి దాకా నిలిపాం.

ఫలితం అందరికీ తెలిసిందే. 2009లో గుజరాత్‌లో మొదటి బీటీ జన్యువును తట్టుకున్న పురుగు, ఐదారేళ్లకే రెండు జన్యువుల బీజీ-2ను కూడా తట్టుకుంది. 2017 నాటికి మన చేలలోకీ వచ్చింది. పురుగు లోపల చేరి రేకులు విచ్చుకోని గుడ్డి పూలు కనిపించినప్పుడే మేల్కొనకపోతే ఆ తరువాత చేసేది ఏమీ ఉండదు. కాయ పైకి పచ్చగా, నిండుగా ఉంటుంది. వేళ్లతో విప్పి చూస్తే ఒక తొనలో దూది పసుపుపచ్చగా గట్టిపడి, గింజ డొల్లయి, పక్కనే పురుగు ముడుచుకొని ఉంటుంది. అమెరికాలో బీటీ పత్తికి తోడుగా పిల్లలు పుట్టని గొడ్డు రెక్కల పురుగులను వదిలి, అందరూ ఒక కట్టుబాటు మీద నడిచి, 2018 నాటికి ఇదే పురుగును నిర్మూలించగలిగారు.

ఇక గ్లైఫోసేట్. 2005లో జార్జియా రాష్ట్రపు పత్తి చేలలో ఆ మందుకు చావని ఒక కలుపు మొక్క బయటపడింది. అది మన తోటకూర జాతిదే. ఏటా ఒకే మందు కొట్టినచోట చివరికి చావనిదే మిగిలింది, అక్కడి రైతులు మళ్లీ కూలీలను పెట్టి చేతితో కలుపు పీకించవలసి వచ్చింది. కూలీలు లేరనే కదా మనం ఈ విత్తనం అడుగుతున్నది?

నా పేరులోని కంది సాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా చేలో ఆరు వరుసల పత్తికి ఒక వరుస కంది వేస్తాం, ఇంటి పప్పు అందులోనే వస్తుంది. ఈ మందు పత్తిని వదిలి కందిని చంపుతుంది. కలుపు తీసే ఆడవాళ్లు ఒడిలో వేసుకొని ఇంటికి తీసుకెళ్లే దొగ్గలి కూర, గునుగు కూర పోతాయి. నిరుడు బతుకమ్మ నాడు మా అమ్మ గునుగు పువ్వు కోసం ఆ మందు కొట్టిన చేల గట్లన్నీ తిరిగి, మూడు కిలోమీటర్ల దూరంలోని బీడులో కోసుకొచ్చింది.

నల్లరేగడి:

హైబ్రిడ్ల గురించి మీరు రాసింది ఒప్పుకుంటున్నాను. అందుకే నేను అడిగే అనుమతి సూటి రకాలకు మాత్రమే ఇచ్చినా నాకు సమ్మతమే, గింజ దాచుకొని మళ్లీ వేసుకోవచ్చు. కానీ 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను శిక్షణ పొంది మందు కొట్టిపెట్టే చీడపీడల నియంత్రణ నిర్వాహకుల ద్వారానే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. ఆ నిర్వాహకుణ్ణి మా మండలంలో నేను ఇంతవరకు చూడలేదు, మందు సీసా మాత్రం ప్రతి దుకాణంలో దొరుకుతోంది. ఆంక్ష అమలు ఇలా ఉంటే కంది సాలు మిగులుతుందా?

కందిసాలు:

మిగలదు. అది అమలులో లోపం, దాన్ని సరిచేయాలని మీతోపాటు నేనూ అడుగుతాను. అయితే మండలంలో ఒక మందు సీసాను అదుపు చేయలేని యంత్రాంగం, లక్షల ఎకరాల్లో ఆ మందు వాడకాన్ని అదుపు చేస్తుందని ఎలా నమ్మాలి? పత్తిలో ఇప్పటికే అనుమతి ఉన్న పైరిథయోబ్యాక్ సోడియం వంటి కలుపు మందులు ఉన్నాయి, వాటికి కొత్త విత్తనం అక్కరలేదు. దగ్గర దగ్గరగా విత్తి ఒకే ఏరుడుతో డిసెంబరుకు ముగించే పత్తి ఉంది. ముందు అవి మీ నల్లరేగడిలో నిలుస్తాయో లేదో చూద్దాం.

నల్లరేగడి:

ఈ వానాకాలం రెండెకరాల్లో ఒకే ఏరుడు పత్తి వేస్తాను, మిగతా రెండెకరాల్లో మీలాగే కంది సాళ్లతో వేస్తాను, రసీదు లేని విత్తనం కొనను. డిసెంబరులో రెండు చేల లెక్కలూ ఇక్కడే రాస్తాను. జులైలో ముసురు పది రోజులు దాటి కూలీలు దొరక్కపోతే ఏం చేశానో కూడా దాచకుండా రాస్తాను.