యాగంటి, బెలుం, గండికోట సైకిళ్ల మీద: ఆ దారి తెలిసినవారు చెప్పండి

డిసెంబరు చివర్లో నేనూ మా తమ్ముడూ నంద్యాల నుంచి సైకిళ్ల మీద బయలుదేరి బనగానపల్లె, యాగంటి, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బెలుం గుహలకు, అక్కణ్ణుంచి జమ్మలమడుగు దాటి గండికోటకు వెళ్లాలనుకుంటున్నాం. మూడు రోజులు సరిపోతాయా?

నా భయమంతా అవుకు తర్వాతి దారి గురించే. అక్కడంతా సున్నపురాయి నేల. వాన నీళ్లు రాతి పగుళ్లలోకి దిగిపోతాయి. ఆ నీళ్లే రాయిని కరిగించి 3 కిలోమీటర్ల పైచిలుకు బెలుం గుహను తొలిచాయి. మరి పైన రోడ్డు వెంట తాగునీళ్లు దొరుకుతాయా, లేక చెరో ఐదు లీటర్లు మోసుకెళ్లాలా? నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు తిరిగే రోడ్డు కదా, అంచున సైకిల్‌కి చోటుంటుందా? పోయినేడు బేతంచెర్ల దగ్గర నాపరాయి ముక్కలు గుచ్చుకుని ఒక్క పూటలో రెండు పంక్చర్లయ్యాయి. అప్పటి నుంచీ టైర్ల టెన్షన్ పోలేదు.

మావి గేర్ సైకిళ్లే. టైర్లు 32 మిల్లీమీటర్లవి, 40వి వేయించమంటారా? మొదటి రాత్రి యాగంటి సత్రంలో ఉంటాం. రెండో రాత్రికి బెలుం దగ్గర ఆగడం మేలా, కొలిమిగుండ్లలోనా? ఎర్రమల కొండల్లో ఎక్కుడు ఎక్కడ గట్టిగా ఉంటుందో కూడా చెప్పండి. తమ్ముడికి ఇదే మొదటి దూరప్రయాణం, వాణ్ణి మధ్యలో అలసిపోనివ్వకూడదు.