బాఖ్ సి మేజర్ ఫ్లూట్ సొనాటా (బాఖ్ రచనల జాబితాలో 1033వది): అసలు ఎవరిది?

వెదురుబొంగు: ఈ సొనాటా (కొన్ని భాగాలున్న వాద్య రచన) మొత్తం జర్మన్ స్వరకర్త బాఖ్ రచన కాదని నా వాదన. దొరికిన చేతిరాత ప్రతి 1731 ప్రాంతంలో కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయేల్ రాసింది. ఫ్లూట్ భాగం బ్రహ్మాండం. కింద తోడుగా సాగే మంద్ర స్వరాల వరస, బాస్, మాత్రం నీరసం. ప్రెస్టో అనే వేగమైన భాగంలో ఫ్లూట్ పరుగులు తీస్తుంటే బాస్ ఒకే స్వరం పట్టుకుని కూర్చుంటుంది. ఇ మైనర్ సొనాటా (1034) బాస్ విన్నారా? ఎదురు మాట్లాడుతుంది. తండ్రి ఒక్క ఫ్లూట్‌కే రాస్తే, బాస్ తర్వాత కొడుకు చేర్చాడని రాబర్ట్ మార్షల్ అనే పరిశోధకుడి ఊహ.

ఎడమచెయ్యి: ప్రతి మీద తండ్రి పేరు వేసింది ఎవరండీ? కొడుకే కదా. నాన్న ఏం రాశాడో అతనికి తెలియదా?

వెదురుబొంగు: అప్పటికి అతనికి నిండా 17 ఏళ్లు. నాన్న దగ్గర నేర్చుకుంటున్న కుర్రాడు. ఆయన ఇచ్చిన పాఠానికి ఆయన పేరే వేసి ఉంటాడు.

ఎడమచెయ్యి: పేరు ఉంది. అంతే.

చిలకపలుకు: ఒకే స్వరం పట్టుకుంటే తప్పేంటి? మన తంబురా చేసేది అదేగా!

నిద్రమొహం: ఎవరు రాస్తే ఏం, అదాజియో, ఆ నిదానపు భాగం, హాయిగా ఉంది.

వెదురుబొంగు: ఎవరు రాస్తే ఏం అంటారా? ఆరు నెలలు సాధన చేసి ఒక పోటీకి వెళితే, "బాఖ్ రచన కావాలన్నాం, ఇది అనుమానమే" అని వాయించనివ్వకుండా పంపేశారు. నోయె బాఖ్ ఆవుస్‌గాబె (బాఖ్ సమగ్ర రచనల కొత్త ప్రచురణ) 1963 ఫ్లూట్ సంపుటిలో దీన్ని చేర్చలేదని నాకు అక్కడే తెలిసింది! అందుకే అంటున్నా, బాస్ తీసేసి ఒంటి ఫ్లూట్‌గా వాయిస్తే గొడవే ఉండదు.

ఎడమచెయ్యి: ఇదన్నమాట అసలు సంగతి. మీకు బాఖ్ కావాలి, మేం అక్కర్లేదు. పన్నెండేళ్లుగా ఫ్లూట్ వాళ్ల వెనక కంటిన్యువో (రాసిన బాస్ మీద కుడిచేత్తో సొంతంగా స్వరాలు కలిపే కీబోర్డ్ తోడు) వాయిస్తున్నా. పోస్టర్ మీద నా పేరు ఒక్కసారే పడింది, అదీ తప్పుగా. ఇందులో మొదటి మెనుయెట్ (నాట్యపు నడక ఉన్న భాగం) తెరిచి చూడండి సార్. అక్కడ కీబోర్డ్ కుడిచేతి స్వరాలు కూడా రాసిపెట్టే ఉన్నాయి. అదీ తీసేస్తారా?

వెదురుబొంగు: అదీ కొడుకు పనేనేమో.

ఎడమచెయ్యి: కొడుకైతే మనిషి కాదా?

చిలకపలుకు: అబ్బా, మళ్లీ మొదలు.

వెదురుబొంగు: సరే, పోస్టర్ మాట నాకు తెలీదండీ. ఆ మెనుయెట్ మీరు వాయించి పంపండి, నా ఫ్లూట్ దానిమీద కలుపుతా. నిలబడకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

ఎడమచెయ్యి: పంపుతా. పేరు ఎవరిది ముందు వేస్తారు?