6 లక్షల గ్రాంటు: సీసీ కెమెరాలకా, కౌన్సిలర్‌కా? (విజయనగరం జిల్లా, 12 బడులు)

బొబ్బిలివీణ:
మండలంలోని 12 ప్రభుత్వ బడుల్లో 4 నుంచి 7వ తరగతి పిల్లల కోసం ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (చట్టప్రకారం కంపెనీలు లాభాల్లోంచి సమాజానికి పెట్టే ఖర్చు) కింద 6 లక్షలు ఇస్తానంది. పద్దు పేరు ‘బాలల భద్రత, మానసిక క్షేమం’. మా ట్రస్టులో సగంమంది బడికి 4 కెమెరాలు పెట్టేద్దామంటున్నారు. మిగతా సగం ఏడాదిపాటు ఒక కౌన్సిలర్‌ని తిప్పుదామంటున్నారు. కంపెనీవాళ్లది ఒకటే మాట: ఖర్చు మార్చి 31 దాటకూడదు. ఉపన్యాసాలొద్దు, లెక్కలు చెప్పండి.

నాగావళి:
కెమెరాల లెక్కతోనే మొదలెడదాం. కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే నాలుగూ కలిపి రోజుకి సుమారు 86 జీబీ. 1 టీబీ డిస్కు పదకొండు, పన్నెండు రోజుల్లో నిండిపోయి, పాతది చెరిపేసి దానిమీదే రాసుకుంటుంది. లైంగిక వేధింపు జరిగితే పదేళ్ల పిల్ల వెంటనే చెప్పడం అరుదు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. చెప్పేనాటికి డిస్కులో ఏమీ మిగలదు. పైగా ఇలాంటి కేసుల్లో నిందితుడు చాలావరకు పిల్లలకి తెలిసినవాడే. చుట్టమో, పొరుగువాడో, ఆటో నడిపేవాడో. ఆ ఇళ్లలో మీ కెమెరా ఉండదు. బడిలో కూడా మరుగుదొడ్లు, పడకగదుల్లో పెట్టనే కూడదు.

పలాసజీడి:
డీవీఆర్, అదే కెమెరా రికార్డయ్యే డబ్బా, ఎవుల గదిలో ఉంటాది? పాస్‌వర్డు ఎవుల దగ్గరుంటాది? ముందల అది తేల్చండి. ఎవుల మీద అనుమానమో ఆలే స్విచ్చాపేస్తే ఏటి సేస్తారు?

తోటపల్లికాలువ:
కెమెరాల్ని అంత తీసిపారేయకండి. కస్తూర్బా విద్యాలయాల్లాంటి హాస్టల్ బడుల్లో గేటు దగ్గర ఒకటి, మెట్ల దగ్గర ఒకటి ఉంటే రాత్రి ఎవరొచ్చారు, ఎవరెళ్లారన్న తగువు తీరుతుంది. 4 టీబీ డిస్కు వేయిస్తే నెల రోజులు నిలుస్తుంది. భోగాపురం, పూసపాటిరేగ తీరం వైపయితే ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, నిర్వహణ ఒప్పందం లేకుండా కొనొద్దు.

కౌన్సిలర్ విషయంలో నా అభ్యంతరం వేరు. అమ్మానాన్నలు వలసపోయి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల ఆరు నెలలకి నమ్మి నోరు విప్పుతుంది. పన్నెండో నెలలో గ్రాంటు అయిపోతుంది, మనిషి వెళ్లిపోతుంది. మనసు విప్పించి మధ్యలో వదిలేయడం అసలు మొదలెట్టకపోవడం కంటే చెడ్డ పని. సైకాలజీ చదివినవాళ్లు విశాఖ వదిలి మండలాలకి వస్తారా అన్నది ఇంకో ప్రశ్న.

నాగావళి:
అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ప్రతి బడిలో ఇద్దరు టీచర్లని పక్కనే తయారు చేయాలి, వాళ్లలో ఒకరు మహిళ. కౌన్సిలర్‌గా విశాఖ డిగ్రీ కంటే మన యాస అర్థమయ్యే స్థానిక ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ చదివినవాళ్లు) మేలు.

ఇంకో మాట, ఒక మనిషికి 12 బడులు ఎక్కువ. నెలకి 22 పనిదినాల్లో 8 బడులకి రెండేసిసార్లు వెళ్తే 16 పోయాయి. మిగతా 6 ఇళ్ల సందర్శనకి, రికార్డులకి. ఇలా చూడండి: జీతం నెలకి 22 వేలు, ఏడాదికి 2.64 లక్షలు. తిరుగుడు ఖర్చు నెలకి 4 వేలు, అంటే 48 వేలు. ఆ కౌన్సిలర్ పనిని నెలకి రెండుసార్లు చూసే అనుభవజ్ఞుడైన సైకాలజిస్టుకి విడతకి 2 వేలు, ఇంకో 48 వేలు. దీన్నే అందరూ మొదట కొట్టేస్తారు, తర్వాత కౌన్సిలరే కుంగిపోయి మానేస్తుంది. 16 మంది టీచర్లకి రెండ్రోజుల శిక్షణ, తలకి రోజుకి 600 చొప్పున 19,200. మొత్తం 12 బడుల్లో మరుగుదొడ్ల గొళ్లేలు, బల్బులు, తలుపులకి బడికి 12 వేలు, అంటే 1.44 లక్షలు. పోలీస్ స్టేషన్‌కి, ఆసుపత్రికి తల్లీపిల్లల ఆటో చార్జీల్లాంటి అత్యవసరాలకి 40 వేలు. ఆడిట్ 20 వేలు. మిగిలిన 16,800 కాగితాలు, రంగులు.

పలాసజీడి:
గొళ్లేలు రాసినారు, బాగుంది. తలుపు పడక పిల్లలు నీళ్లు తాగడం మానేస్తన్నారు.

వంశధార:
మీరంతా ఒకటి మర్చిపోతున్నారు. కెమెరా గెలిచేది అవసరం వల్ల కాదు, క్యాలెండర్ వల్ల. సీఎస్‌ఆర్ డబ్బు జనవరి తర్వాత కదులుతుంది, అప్పటికి బడుల్లో పరీక్షల హడావుడి, ఏప్రిల్ చివర సెలవులు, మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. మార్చి 31లోగా బిల్లు చూపించగలిగేది సామాను ఒక్కటే. డబ్బు ట్రస్టు ఖాతాలో పడినంతమాత్రాన చట్టం దృష్టిలో ఖర్చయినట్టు కాదు, మీరు ఖర్చు పెట్టాలి.

దారి ఉంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం బోర్డు దీన్ని ‘కొనసాగే ప్రాజెక్టు’గా తీర్మానిస్తే, మిగిలిన సొమ్ముని ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 30లోగా, ప్రత్యేక ‘ఖర్చుకాని సీఎస్‌ఆర్ ఖాతా’లో వేసి మూడేళ్లలోపు వాడొచ్చు. తీర్మానం మార్చిలోనే చేయించండి. తోటపల్లివారి భయానికి కూడా జవాబు ఇదే: ఏడాదికి 6 లక్షలని అడక్కండి, రెండేళ్ల ప్రాజెక్టుగా అడగండి, రెండో ఏడు సగం రోజులే కౌన్సిలర్. మీ ట్రస్టుకి ఆదాయపన్ను కింద 12ఏ, 80జీ నమోదులు, సీఎస్‌ఆర్ పనులు చేసే సంస్థగా సీఎస్‌ఆర్-1 నమోదు లేకపోతే ఈ చర్చే దండగ.

బొబ్బిలివీణ:
హెడ్‌మాస్టర్లు ‘కేసుల్లో ఇరికిస్తారా’ అని జంకుతున్నారు. ఫిర్యాదు పెట్టె పెడితే చాలదా?

చీపురుపల్లిజంక్షన్:
ఇరికేది చెప్పకపోతే. పిల్లలపై లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడి సంగతి దాచిన సంస్థ అధిపతికి 21వ సెక్షన్‌లో ఏడాది దాకా జైలు, జరిమానా. ‘ముందు మేం విచారిస్తాం’ అంటూ పిల్లని పదిసార్లు అడక్కూడదు. చెప్పింది చెప్పినట్టు పిల్ల మాటల్లోనే రాసి, తేదీ వేసి, స్టేషన్‌కి గానీ బాలల హెల్ప్‌లైన్ 1098కి గానీ చెప్పాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. అందుకే కౌన్సిలర్ ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకూడదు. ‘నీకు ప్రమాదమయితే చెప్పాల్సి వస్తుంది’ అని మొదటి రోజే చెప్పాలి. నియమించే ముందు పోలీసు ధృవీకరణ కూడా తప్పదు, 2020 పోక్సో నియమాల్లో ఉంది.

పెట్టె చాలా బడుల్లో హెచ్‌ఎం గది ముందే ఉంటుంది, అందులో సాలెగూళ్లే. చీటీ వేసే పిల్లని అందరూ చూస్తారు కదా. వారానికొకసారి తరగతిలో ప్రతి ఒక్కరికీ చీటీ ఇవ్వండి, రాసేదేమీ లేకపోతే బొమ్మ వేసి పెట్టెలో వేయాలి. అప్పుడు ఎవరు రాశారో తెలీదు. రెండు తాళాలు: ఒకటి మహిళా టీచర్ దగ్గర, ఒకటి సచివాలయం మహిళా పోలీసు దగ్గర. ఇద్దరూ ఉన్నప్పుడే తెరిచి, చీటీలకి నంబరేసి రిజిస్టర్లో ఎక్కించాలి.

తోటపల్లికాలువ:
రెండో తాళం బయటివాళ్ల దగ్గరుంటే టీచర్లు ఒప్పుకోరు.

చీపురుపల్లిజంక్షన్:
రెండు తాళాలూ బడిలోనే ఉంటే ఏడో తరగతి పిల్ల ఆ చీటీ రాయదు. ఒప్పించే పని గ్రాంటు సంతకానికి ముందే చేసుకోండి. ఒప్పుకోని బడిని ఆ 8లో చేర్చకండి.