బ్యూనా విస్టా కౌంటీని ప్యాకింగ్ ప్లాంటు బతికించిందా?

డీమాయిన్‌వాసి:
అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పల్లె కౌంటీల (జిల్లాల్లాంటివి) ప్రస్తావన వస్తే మనవాళ్లు మొక్కజొన్న, పందులు అని తేల్చేస్తారు. వాయవ్యాన ఉన్న బ్యూనా విస్టా సంగతి అంత తేలిక కాదు. దాని ముఖ్యపట్టణం స్టార్మ్ లేక్‌లో 1982లో ఐబీపీ కంపెనీ పందిమాంసం ప్లాంటు తెరిచింది. 2001లో టైసన్ ఆ కంపెనీని కొనేసింది. పని కోసం లావోస్, మెక్సికో, సూడాన్, మైక్రోనేషియాల నుంచి జనం వచ్చారు. ప్లాంటు వల్లే కౌంటీ బతికిందని కొందరు, దాని స్వభావమే పోయిందని కొందరు అంటారు. మీరేమంటారు?

గట్టుమీద:
బతికింది ప్లాంటు వల్లే. జనాభా చూడండి. 1980లో 20 వేల పైచిలుకు, 2020లో 20,823. పక్కనున్న పొకహంటాస్ కౌంటీ అదే కాలంలో 11 వేల పైనుంచి 7,078కి పడిపోయింది. సాక్ కౌంటీ 14 వేల నుంచి 9,814కి. మూడింటిదీ ఒకే రకం నేల, అవే మొక్కజొన్న, సోయా. 1980ల్లో వడ్డీలు పెరిగి, భూమి ధరలు కూలి, రైతులు అప్పుల్లో మునిగినప్పుడు నెలనెలా జీతమిచ్చే చోటు ఇక్కడ ఉంది. అదే తేడా.

పాతలెక్క:
గట్టుమీద గారూ, జనాభా అంకెలు నిజమే. కానీ ప్లాంటు కథ 1982లోనే మొదలైనట్టు మాట్లాడుతున్నారు, ఒక్క ఏడాది వెనక్కి వెళ్లండి. అక్కడ అంతకుముందే హైగ్రేడ్ అనే కంపెనీ మాంసం ప్లాంటు ఉండేది. యూనియన్ ఉండేది. ఆ జీతంతో ఇల్లు కొనుక్కుని పిల్లల్ని చదివించుకున్న కుటుంబాలుండేవి. 1981లో అది మూతపడింది. మరుసటేడు ఐబీపీ యూనియన్ లేకుండా, తక్కువ కూలితో తెరిచింది. పాత కార్మికుల్లో కొద్దిమందినే తీసుకుంది. కత్తి పట్టుకుని రోజంతా ఒకే కోత మళ్లీ మళ్లీ కోసే పని అది, మణికట్లు పాడైపోతాయి. ఆ కూలికి ఊళ్లోవాళ్లు రారు కాబట్టే బయటినుంచి మనుషులు కావలసి వచ్చారు.

వచ్చినవాళ్లు కంపెనీ ఆస్తి కాదు. 1975లో రిపబ్లికన్ గవర్నర్ రాబర్ట్ రే తాయ్ డామ్ అనే ఆగ్నేయాసియా జాతి శరణార్థులను అయోవాకు పిలిచాడు. అలా చేరిన కుటుంబాల్లో కొన్ని స్టార్మ్ లేక్‌కు వచ్చాయి. వెనకే మెక్సికో వాళ్లు. ఖాళీ దుకాణాలు అద్దెకు తీసుకున్నదీ, పాత ఇళ్లు బాగుచేసుకున్నదీ, బడిని నింపిందీ వాళ్లే. 1996లో ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేసి పట్టుకెళ్లింది ప్లాంటు కూలీలనే. 2020లో కోవిడ్ సోకి వందల మంది జబ్బుపడ్డదీ ఆ ప్లాంటులోనే. ఊరు నిలబడ్డ ఘనత వాళ్లకు ఇవ్వండి, కంపెనీకి కాదు.

సరస్సువైపు:
స్వీడన్, జర్మనీ, డెన్మార్క్ వాళ్లు కట్టుకున్న ఊళ్లివి. చర్చి, పొలం, హైస్కూల్ ఆటలు, అందరికీ అందరూ తెలుసు. ఇప్పుడు స్టార్మ్ లేక్ బడిలో తెల్లపిల్లలు తక్కువ. ఇంత వేగంగా మారితే పాతవాళ్లకు బాధ ఉండదా? వలసలను గట్టిగా వ్యతిరేకించిన స్టీవ్ కింగ్‌ని ఏళ్ల తరబడి అమెరికా కాంగ్రెస్‌కు పంపిన నియోజకవర్గంలోదే ఈ కౌంటీ. వాళ్లందరినీ చెడ్డవాళ్లనడం అన్యాయం.

పాతలెక్క:
బాధను నేను కాదనను. 1981లో ఉద్యోగం పోయినవాడి బాధ మరీ నిజం. కానీ స్వభావం అంటున్నది ఏ కాలంనాటిది? డకోటా జాతివాళ్లు ఆ ప్రాంతపు నేలను 1851 ఒప్పందంలో వదులుకోవలసి వచ్చింది. 1870లో రైలు రాకతో స్టార్మ్ లేక్ పుట్టింది, 1878లో సూ రాపిడ్స్ నుంచి ముఖ్యపట్టణం హోదా లాక్కుంది. పొలాలు అనేవి చాలాచోట్ల బురదగుంటలు. నేల కింద మట్టి గొట్టాలు పూడ్చి నీళ్లు బయటికి పోనిస్తే తప్ప దున్నడానికి వీల్లేదు. ఆ గొట్టాలు పూడ్చినవాళ్లు కూడా కూలికి వచ్చినవాళ్లే.

డీమాయిన్‌వాసి:
ఆ గొట్టాల దగ్గరే నాకు పట్టింపు ఉంది. నార్త్ రకూన్ నది పుట్టేది ఆ కౌంటీలోనే. పొలాల ఎరువూ, పందుల పేడా కలిసిన నైట్రేట్ ఆ గొట్టాల్లోంచి కాలువల్లోకి, నదిలోకి, చివరికి దిగువనున్న రాజధాని డీమాయిన్‌లోనూ, దాని శివార్లు వెస్ట్ డీమాయిన్‌లోనూ వాకీలోనూ మన కుళాయిల దాకా వస్తుంది. తాగునీటిలో అది లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదు. దాన్ని తీసేయడానికి నీటి సంస్థ పెద్ద యంత్రాగారమే నడుపుతోంది. 2025 జూన్‌లో పచ్చికకు నీళ్లు పెట్టడం నిషేధించారు, గుర్తుందిగా? ఊరు బతికిందన్న లెక్కలో ఈ ఖర్చు ఎవరి పద్దు?

గట్టుమీద:
గొట్టాలు లేకపోతే ఆ నేలలో పంటే ఉండదు. ఒక్కో రైతును దోషి చేస్తే ఎలా? ధర పడితే ఎరువు తగ్గించే ధైర్యం ఎవరికుంటుంది? 2015లో డీమాయిన్ నీటి సంస్థ బ్యూనా విస్టా, సాక్, కాల్‌హూన్ కౌంటీల మీద దావా వేసింది, 2017లో కోర్టు కొట్టేసింది. చట్టం రైతుల పక్కనే నిలిచింది.

పాతలెక్క:
ఆ కౌంటీలు నడిపే డ్రైనేజీ డిస్ట్రిక్టుల (పొలాల నీరు పోయే గొట్టాలు, కాలువలు చూసుకునే సంస్థలు) మీద అలాంటి దావా చెల్లదన్నారు, నది శుభ్రంగా ఉందని ఎవరూ తేల్చలేదు. ఇంకో సంగతి. కౌంటీల తరఫు లాయర్ల ఫీజు ఎవరు కట్టారో మొదట్లో జనానికి చెప్పలేదు. స్టార్మ్ లేక్ టైమ్స్ అనే చిన్న పత్రిక వదలకుండా అడిగింది, వ్యవసాయ వ్యాపార వర్గాల డబ్బని బయటపెట్టింది. ఆ సంపాదకీయాలకే పత్రిక సంపాదకుడు ఆర్ట్ కల్లెన్‌కు 2017లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ ప్రశ్నలు వేసింది బయటివాళ్లు కాదు, అదే కౌంటీలో ఉంటూ, రోజూ ఆ రైతుల మొహాలు చూడాల్సినవాళ్లు. కాబట్టి గట్టుమీద గారూ, ఒక్కటి చెప్పండి. నైట్రేట్ తీసే ఖర్చు డీమాయిన్ ఇళ్ల బిల్లుల్లో పడటం మీకు న్యాయంగా అనిపిస్తోందా? లేదంటే ఎరువు అమ్మేవాళ్లు, ధాన్యం కొనేవాళ్లు, టైసన్ ఎంత పెట్టాలి?