ధ్యానంలో గురువు మాట వినాలా, నా మనసు మాట వినాలా?

ప్రశ్న (కర్నూలు):
పది రోజుల విపశ్యన (శ్వాసను, ఒంట్లో తెలిసేవాటిని గమనించే బౌద్ధ ధ్యానం) శిబిరం చేసొచ్చి నాలుగు నెలలైంది. పొద్దున ఐదుకే మిద్దె మీద కూర్చుంటాను, శ్వాస ముక్కు కింద సన్నగా తగలడం తెలుస్తుంది, కానీ ఈమధ్య ఛాతీ బిగుసుకుపోయి టెన్షన్ పెరుగుతోంది. పాత సాధకుడొకాయన లేవద్దు, ఓర్చుకో అంటున్నారు. నాకేమో ఆపాలనిపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు (అనంతపురం):
అన్నా, ముందు ఛాతీ సంగతి డాక్టర్‌కి చూపించుకో. బుద్ధుడు ఎవరి మాట నమ్మాలో తేలక అడిగిన కాలాములనే జనానికి చెప్పింది ఇదే కదా, గురువు చెప్పాడనో గ్రంథంలో ఉందనో నమ్మకండి, మేలో కీడో మీరే తెలుసుకోండి అని. అయితే జ్ఞానులు దేన్ని మెచ్చుకుంటారో, దేన్ని తప్పంటారో కూడా చూడమన్నాడు, చాలామంది ఆ ముక్క వదిలేస్తారు. కూర్చోలేని రోజు నేను నడక ధ్యానం చేస్తాను, మడమ ఆనడం, వేళ్లు లేవడం గమనిస్తూ.

జవాబు (గుత్తి):
మా దగ్గరి ఎర్రగుడి బండ మీద అశోకుడు ఏం రాయించాడో తెలుసా? ఉపాసకుడయ్యాక (అంటే సంసారంలో ఉంటూనే బుద్ధుణ్ణి అనుసరించేవాడయ్యాక) ఒక ఏడాది పాటు గట్టిగా సాధన చేయలేదని! చక్రవర్తే ఒప్పుకున్నాడు. నువ్వు నిదానంగా పో.

ప్రశ్న అడిగినాయన:
రేపే డాక్టర్ దగ్గరకు పోతాను. ఇవాళ సాయంత్రం మిద్దె మీద నడిచి చూస్తా.