కిమ్మెల్ షో ఆపింది ఏబీసీయా, ప్రభుత్వ భయమా?

సుజాత (డల్లాస్):
"ప్రైవేటు కంపెనీ తన షో తాను ఆపుకుంటే ప్రభుత్వానికేం సంబంధం?" అని చాలామంది అంటున్నారు. జరిగిన వరస చూడండి. ట్రంప్ అనుకూల కార్యకర్త చార్లీ కిర్క్ హంతకుడు తమవాడు కాదని చూపడానికి మాగా జట్టు (ట్రంప్ వర్గం) తంటాలు పడుతోందని ఏబీసీ టీవీ హాస్యనటుడు జిమ్మీ కిమ్మెల్ తన షోలో అన్నాడు. 2025 సెప్టెంబర్ 17న ఎఫ్‌సీసీ ఛైర్మన్ బ్రెండన్ కార్ ఒక పాడ్‌కాస్ట్‌లో, దీన్ని సులువుగానైనా తేల్చుకోవచ్చు, కష్టంగానైనా తేల్చుకోవచ్చు అన్నాడు. టీవీ స్టేషన్లకు లైసెన్సులిచ్చేది ఆయన సంస్థే. కొన్ని గంటల్లోనే, ఏబీసీ కార్యక్రమాలు వేసే స్టేషన్లున్న నెక్స్‌స్టార్ కంపెనీ తన స్టేషన్లలో ఆ షో వేయనంది, వెంటనే ఏబీసీ నిరవధికంగా ఆపేసింది. టెగ్నా అనే మరో టీవీ స్టేషన్ల కంపెనీని 620 కోట్ల డాలర్లకు కొనడానికి నెక్స్‌స్టార్‌కు అప్పుడు ఎఫ్‌సీసీ అనుమతి కావాలి.

రమణమూర్తి (న్యూజెర్సీ):
సుజాత గారూ, ఓ మనిషి హత్యకు గురైన వారంలోపే ఆ మాట అనడం తప్పు. స్టేషన్ల వాళ్లకూ ప్రేక్షకులుంటారు కదా. 2018లో నటి రోజాన్ బార్ జాతివివక్ష ట్వీట్ పెడితే ఇదే ఏబీసీ ఆమె షోను రద్దు చేసింది. కోవిడ్ పోస్టులు తీసేయమని బైడెన్ ప్రభుత్వ పెద్దలు ఒత్తిడి చేశారని ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్ 2024లో ఉత్తరం రాస్తే ఇక్కడ ఎంతమంది పట్టించుకున్నారు? పైగా కిమ్మెల్ వారం తిరక్కుండానే 23న మళ్లీ వచ్చేశాడు.

సుజాత:
రోజాన్‌ను తీసేయమని లైసెన్సులిచ్చే అధికారి ఎవరూ హెచ్చరించలేదు. అసలు తేడా అదే. బైడెన్ మనుషులు చేసిందీ తప్పే, అందులో నాకు మొహమాటం లేదు. న్యూయార్క్ అధికారిణి బీమా కంపెనీలను బెదిరించి తుపాకుల సంఘం ఎన్ఆర్ఏకు దూరం చేయబోయిందన్న కేసులో, 2024లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాట చెప్పారు: ప్రభుత్వం నేరుగా చేయకూడని పనిని ప్రైవేటువాళ్లను బెదిరించి చేయించకూడదు. రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్ కూడా కార్ మాటలు మాఫియా బెదిరింపుల్లా ఉన్నాయన్నాడు.

కిమ్మెల్ తిరిగొచ్చాడు, ఎందుకంటే అతనికి పేరుంది, లక్షల మంది ప్రేక్షకులున్నారు. నా బాధ తిరిగి రానివాటి గురించి. మిషెల్ ఒబామా చిత్రం వేసిన ఎమీ షెరాల్డ్, వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో పెట్టాల్సిన తన ప్రదర్శనను 2025 జులైలో రద్దు చేసుకుంది. ఒక ట్రాన్స్ మహిళను స్వేచ్ఛా విగ్రహంలా చూపే చిత్రం బదులు, దాని మీద జనం స్పందనల వీడియో పెట్టే ఆలోచన నడిచిందని ఆమె చెప్పింది. చిత్రంతోపాటే వీడియో పెడదామన్నామని మ్యూజియం వాళ్లన్నారు. ఎవరి మాట నిజమైనా, ఆ చిత్రం తీయమని ఉత్తర్వు వచ్చిందని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆ గ్యాలరీని నడిపే స్మిత్‌సోనియన్ సంస్థలో 'అనుచిత భావజాలం' ఉండకూడదని మార్చిలో ట్రంప్ ఇచ్చిన ఆదేశమే సరిపోయింది, మిగతాది లోపలివాళ్ల భయం చూసుకుంది.

కిరణ్ (ఆస్టిన్):
అక్కా, ఇది మన దాకా వచ్చేసింది. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టాలని 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకు, డిసెంబర్‌లో మాకూ చెప్పారు. మా సంక్రాంతి నాటికలో వీసా ఆఫీసర్ మీద చిన్న సీను రాశాం. రిహార్సల్ చూసి కమిటీ పెద్దాయన, "బాగుంది బాబూ, కానీ యూట్యూబ్‌లో ఎక్కిస్తాం కదా, ఎందుకొచ్చిన టెన్షన్" అన్నారు. ఒక్కరూ వాదించలేదు, నేనూ వాదించలేదు. ఆ సీను తీసేశాం.

రమణమూర్తి:
కార్ ఆ మాట అనకుండా ఉండాల్సింది, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ స్మిత్‌సోనియన్ సంగతి వేరు. దాని ఖర్చులో సగానికి పైగా మన పన్నుల డబ్బే. గోడమీద ఏం ఉండాలో అడిగే హక్కు మనం ఎన్నుకున్నవాళ్లకు లేదా?

సుజాత:
ఉంది, కాంగ్రెస్‌లో అడగాలి, ఓటేసి తేల్చాలి. అలా చేస్తే ఎవరు అడిగారో, ఏం తీసేశారో రికార్డులో ఉంటుంది. షెరాల్డ్ ప్రదర్శన విషయంలో ఏ ఓటు జరిగిందో మీరే చెప్పండి. కిరణ్ వాళ్ల సీనుకైతే ఆ రికార్డు కూడా లేదు.