అప్‌డేట్: అరికాలిలోది ఆనెకాయ కాదు, పులిపిరి

అరికాలిలో గట్టిగా లేచింది ఆనెకాయా, పులిపిరా అని పోయిన నెల అడిగాను కదా. నిన్న స్కిన్ డాక్టరుకి చూపించాను, పులిపిరేనట. పైనుంచి నొక్కితే పెద్దగా ఏం లేదు, రెండు పక్కల నుంచి వేళ్లతో పిండగానే ప్రాణం పోయింది. ఆనెకాయైతే నేరుగా నొక్కినప్పుడే ఎక్కువ నొప్పట. పైపొర కాస్త గీకితే నల్లటి చుక్కలు కనిపించాయి, ఆవగింజలో సగం కూడా ఉండవు. ముల్లు విరిగిందనుకుని నేను పిన్నీసుతో కెలికింది వాటినే! అవి రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలట. చర్మం గీతలు కూడా దాని దగ్గర ఆగి పక్కకు తిరిగాయి. ఆనెకాయ మీదైతే ఆగకుండా నేరుగా సాగుతాయట. వైరస్ కాబట్టి కెలికితే పాకుతుందని చీవాట్లు పడ్డాయి. శాలిసిలిక్ యాసిడ్ (గట్టి చర్మాన్ని కరిగించే పైపూత మందు) రాసిచ్చారు, తగ్గడానికి వారాలు పడుతుందట. ప్రస్తుతానికి నా బాత్రూం చెప్పులు వేరు పెట్టేశారు ఇంట్లో.